స్వానుకూల విశ్వాసాలు – పరస్పర సహకారం

మానవుడు సంఘజీవి అన్న మాట మనమందరమూ చిన్న తరగతులలోనే చదువుకొన్నాము. అయితే సంఘంలో జీవించడం వేరు, సంఘంతో కలిసి పనిచేయడం వేరు. ఒకే చెరువు కింద సేద్యం చేసే రైతులు, ఒకే వసతిగృహంలో భోజనం చేసే విద్యార్థులు, ఒకే కార్యాలయంలోని ఉద్యోగులు, ఒకే కప్పు కింద కాపురముండే అన్నదమ్ములు – వీరందరూ కలిసే జీవిస్తున్నారు. కాని వీరు అన్నివేళలా కలిసి పనిచేస్తున్నారని చెప్పలేము. కాలువ పూడిక తీయడానికి పదిమంది రావలసిన చోటికి నలుగురే వస్తారు. రాని ఆరుగురినీ కారణమడిగి చూడండి. "నేను స్వార్థపరుడను, అందుకే రాలేదు" అనేవాడు ఒక్కడూ కనిపించడు. ఒకడు కిందటేడు తాను రెండింతలు పనిచేశానంటాడు. ఒకడు పై రైతులు దొంగతనంగా నీరు మళ్ళించుకొంటూ ఉంటే తాను పూడిక తీసి లాభమేమిటంటాడు. మరొకడు తన పొలం చిన్నదనీ, పెద్ద పొలాల వారు తీయడమే న్యాయమనీ అంటాడు. ప్రతివాని వద్దనూ ఒక కారణమున్నది. ప్రతి కారణమూ చెప్పేవానికి అనుకూలంగానే ఉన్నది. విచిత్రమేమంటే, వీరిలో చాలామంది అబద్ధమాడడం లేదు. తాము చెప్పేది నిజమని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు.

ఇటువంటి నమ్మకాలను మేము ఈ వ్యాసంలో 'స్వానుకూల విశ్వాసాలు' అని పిలుస్తున్నాము. అనగా, సత్యమేదో విచారించి ఏర్పరచుకొన్నవి కాక, తనకు మేలు చేసేవి గనుక మనస్సు సులభంగా స్వీకరించిన విశ్వాసాలన్నమాట. బాహాటమైన స్వార్థాన్ని చట్టంతోనో, సిగ్గుతోనో అదుపు చేయవచ్చు. కాని తాను న్యాయపక్షాననే ఉన్నానని నమ్మిన మనిషికి చట్టం అన్యాయంగా కనిపిస్తుంది. సిగ్గు అతని దరి చేరదు. కనుకనే స్వార్థం కంటే ఈ విశ్వాసాలు సహకారానికి పెద్ద శత్రువులు. వీటి స్వరూపమేమిటి, ఇవి సహకారాన్ని ఏ విధంగా క్షీణింపజేస్తాయి, వీటికి విరుగుడు ఏమైనా కలదా అన్న మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలిద్దాము.

పాలచెరువు కథ

మన పెద్దలు చెప్పే ఒక కథ అందరికీ తెలిసినదే. ఒక రాజు చెరువు తవ్వించి, రాత్రివేళ ఇంటికొక కడవ చొప్పున పాలు తెచ్చి అందులో పోయవలసిందని చాటింపు వేయించాడు. తెల్లవారి చూస్తే చెరువు నిండా నీళ్ళే ఉన్నాయి. "ఊరంతా పాలు పోస్తుంది, నా ఒక్క కడవ నీళ్ళు ఎవరికి తెలుస్తాయి?" అని ప్రతివాడూ అనుకొన్నాడని కథ చెబుతుంది.

అయితే ఇంకొక ఆలోచనతో కూడా అదే పని జరిగి ఉండవచ్చును. "ఊరంతా ఎలాగూ నీళ్ళే పోస్తుంది, నేనొక్కడినే పాలు పోసి వెర్రివాడిని కావడమెందుకు?" అని అనుకొన్నవాడు కూడా మోసేది నీళ్ళ కడవనే. మొదటివాడు పొరుగువారి మంచితనాన్ని నమ్మాడు. రెండవవాడు పొరుగువారి మోసాన్ని నమ్మాడు. ఈ రెండు విశ్వాసాలూ పరస్పర విరుద్ధాలు. అయినప్పటికీ రెండింటి ఫలితమూ ఒక్కటే – పాలు ఇంట్లో మిగలడం. దీనినిబట్టి ఒక సూక్ష్మం బోధపడుతున్నది. విశ్వాసం ముందు పుట్టి, దానినుండి పని పుడుతుందని మనము సాధారణంగా భావిస్తాము. చాలాసార్లు జరిగేది దానికి విరుద్ధం. చేయదలచిన పని ముందే నిశ్చయమై ఉంటుంది; దానికి తగిన విశ్వాసాన్ని మనస్సు తరువాత వెదకి తెచ్చుకొంటుంది.

నలుగురి ఆట

ఈ కథనే ఆధునిక ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ఆటగా మార్చి పరిశీలించారు. స్విట్జర్లండ్ దేశంలోని జ్యూరిచ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్నెస్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ అనేవారు 2000 సంవత్సరంలో ప్రకటించిన ప్రయోగం వీటిలో ప్రసిద్ధమైనది. నలుగురు మనుష్యులకు తలా 20 టోకెన్లు ఇస్తారు. ప్రతివాడూ తనకు తోచినన్ని తనవద్ద ఉంచుకొని, మిగిలినవి ఉమ్మడి నిధిలో వేయవచ్చును. నిధిలో పడిన ప్రతి టోకెనుకూ నలుగురిలో ఒక్కొక్కరికి 0.4 వంతు చొప్పున లభిస్తుంది. అనగా ఒకరు వేసిన 1 టోకెను నలుగురికీ కలిసి 1.6 అవుతున్నది, కాని వేసిన వానికి తిరిగి వచ్చేది 0.4 మాత్రమే.

లెక్క వేసి చూద్దాము. నలుగురూ తమ 20 టోకెన్లనూ నిధిలో వేస్తే ఒక్కొక్కరికి 32 వస్తాయి. ఎవరూ ఏమీ వేయకపోతే ఎవరి 20 వారివద్దనే ఉంటాయి. ముగ్గురు వేసి ఒకడు వేయకపోతే, వేసిన ముగ్గురికీ 24 చొప్పున మాత్రమే దక్కుతాయి. వేయనివానికి 44 దక్కుతాయి. ఊరి చెరువు, గ్రంథాలయం, సహకార సంఘం, పన్నులతో నడిచే ప్రభుత్వం – వీటన్నింటి మర్మమూ ఈ చిన్న లెక్కలో ఇమిడి ఉన్నది. అందరూ ఇస్తే అందరికీ మేలు. కాని ఇతరులు ఇచ్చి తాను ఇవ్వకపోతే తనకు మరింత మేలు.

ఈ ఆటను పలుమార్లు ఆడించినప్పుడు ప్రారంభంలో చాలామంది ఉదారంగానే ఇచ్చారు. కాని ఆట సాగినకొద్దీ ఆ ఔదార్యం తగ్గుతూ వచ్చింది. చివరి ఆటకు వచ్చేసరికి అత్యధికులు ఏమీ ఇవ్వని స్థితి ఏర్పడింది. మనుష్యులందరూ స్వార్థపరులే అయితే మొదటే ఇవ్వకూడదు. ఉదారులే అయితే చివరిదాకా ఇవ్వవలసినది. మరి మొదట ఇచ్చి తరువాత మానడానికి కారణమేమిటి?

దీనికి సమాధానం 2001 లో వెలువడిన మరొక పరిశోధనలో లభించింది. ఫిష్‌బాకర్, గెక్టర్, ఫెర్ కలిసి ఇందులో పాల్గొన్నవారిని, "ఇతరులు సగటున ఇంత ఇస్తే మీరెంత ఇస్తారు?" అని అడిగి వ్రాయించారు. వారిలో సుమారు 30 శాతం మంది ఇతరులు ఎంత ఇచ్చినా తాము ఏమీ ఇవ్వమన్నారు. సుమారు సగం మంది మాత్రం ఇతరులు ఇచ్చిన కొలదీ తామూ ఇస్తామన్నారు. వీరిని షరతుతో సహకరించేవారు అనవచ్చు. ఒక చేత్తో చప్పట్లు మోగవన్న మన సామెతా, "ఏక్ హాథ్ సే తాలీ నహీ బజ్తీ" అన్న ఉర్దూ సామెతా ఈ సగం మంది మనస్తత్వాన్నే చెబుతున్నాయి. అయితే ఇక్కడ గమనించవలసిన ముఖ్యవిషయం మరొకటున్నది. ఈ మంచివారు కూడా ఇతరులతో సరిసమానంగా ఇవ్వలేదు. ఇతరుల సగటు కంటే కొంచెం తక్కువగా ఇవ్వడానికే ఇష్టపడ్డారు. తూకంలో ముల్లు తమవైపు కొద్దిగా మొగ్గింది.

ఆ 'కొద్ది' ఎంత పని చేస్తుందో వివరణ కోసం మేమొక లెక్క వేసి చూపుతాము. ఒక బృందంలో ప్రతివాడూ కిందటిసారి ఇతరులు ఇచ్చినదానిలో పదింట తొమ్మిది వంతులు ఇస్తాడనుకొందాము. మొదట 20 తో ప్రారంభమైతే రెండవసారి 18, మూడవసారి 16.2 అవుతుంది. ఏడు మార్లు తగ్గేసరికి సగానికంటే తక్కువకు దిగి, పది మార్లు తగ్గేసరికి 7 కు చేరుతుంది. ఇందులో దొంగ ఎవరూ లేరు. ప్రతివాడూ దాదాపు న్యాయంగానే ప్రవర్తించాడు. ఆ 'దాదాపు' అన్న మాటయే నిధిని తినివేసింది. పైగా ఒక్కొక్కడూ పక్కవాడు తగ్గించినది చూచి, "చూచారా! నేను ముందే అనుకొన్నాను" అని తన అనుమానం రుజువైనట్లు భావిస్తాడు. ఆ తగ్గుదలలో తన పాలు కూడా ఉన్నదన్న విషయం అతనికి కనిపించదు.

విశ్వాసం వంగే మార్గాలు

తూకపు ముల్లు తనవైపు మొగ్గడానికి మనస్సు అనేక మార్గాలను అనుసరిస్తుంది. వాటిలో ప్రధానమైనవి మూడు.

మొదటిది, తన శ్రమను హెచ్చుగా లెక్కించడం. కెనడా దేశంలో రాస్, సికోలీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979 లో ప్రకటించిన పరిశోధనలో భార్యాభర్తలను విడివిడిగా, ఇంటిపనులలో తమ వంతు ఎంత అని అడిగారు. ఇద్దరి వంతులూ కలిపితే చాలా పనులలో మొత్తం నూటికి మించిపోయింది. ఇందులో అహంకారం ఒక్కటే కారణమనుకోరాదు. కలహానికి కారణం కావడం వంటి మంచివి కాని పనులలో కూడా తమ వంతును వారు హెచ్చుగానే చెప్పుకొన్నారు. తాను చేసిన పని తన కళ్ళముందు జరిగింది కనుక జ్ఞాపకముంటుంది. ఎదుటివారు చేసినది తాను చూడనప్పుడు కూడా జరిగింది కనుక జ్ఞాపకానికి రాదు. ఉద్దేశంలో దోషం లేకపోయినా లెక్కలో దోషం వచ్చింది. కాని ఆ లెక్క పుచ్చుకొని ప్రతివాడూ, "నా వంతు కంటే ఎక్కువే చేశాను, ఇక చాలు" అని కూర్చుంటే ఇంటి పనైనా ఊరి పనైనా అసంపూర్తిగా నిలిచిపోతుంది.

రెండవది, తనకు అనుకూలించే సూత్రాన్నే న్యాయంగా భావించడం. న్యాయానికి ఒకే కొలత లేదు. చెరువు మరమ్మతు ఖర్చును ఇంటికి ఇంత అని పంచవచ్చు; ఎకరానికి ఇంత అని పంచవచ్చు; రాబడినిబట్టి పంచవచ్చు. మూడూ న్యాయబద్ధాలే. కాని పెద్ద రైతుకు మొదటి పద్ధతిలోనే న్యాయం గోచరిస్తుంది. చిన్న రైతుకు రెండవదానిలో గోచరిస్తుంది. ఇద్దరూ తమ సంచిని చూచుకొని మాట్లాడుతున్నామని అనుకోరు. ధర్మాన్ని చూచి మాట్లాడుతున్నామనే అనుకొంటారు. ఆస్తి పంపకాలలో అన్నదమ్ములు విడిపోవడానికి లోభం కంటే ఇదే ఎక్కువ కారణమేమో ఆలోచించవలసి ఉన్నది.

మూడవది, ఎదుటివారి దోషాన్ని హెచ్చుగా చూడడం. 1951 నవంబరులో అమెరికాలోని ప్రిన్‌స్టన్, డార్ట్‌మత్ కళాశాలల మధ్య ఒక ఫుట్‌బాల్ పోటీ చాలా మోటుగా జరిగింది. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఆచార్యులు ఆ ఆట ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకూ చూపి, నియమోల్లంఘనలను లెక్కించమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసినవిగా డార్ట్‌మత్ విద్యార్థులు గుర్తించిన తప్పుల కంటే, ప్రిన్‌స్టన్ విద్యార్థులు గుర్తించినవి రెండింతలకు పైగా ఉన్నాయి. ఫిల్ము ఒక్కటే, కళ్ళు వేరు. గురివింద గింజ తన కింది నలుపు ఎరుగదన్న సామెత ఇటువంటి సందర్భంలో పుట్టినదే కాబోలు.

న్యాయస్థానపు ఆట

ఈ విశ్వాసాలు ఒప్పందాలను ఏ విధంగా చెడగొడతాయో అమెరికాలో లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టైన్, వారి సహచరులు చేసిన ప్రయోగాలు స్పష్టంగా చూపాయి. వారు టెక్సస్ రాష్ట్రంలో జరిగిన ఒక నిజమైన దావాను తీసుకొన్నారు. మోటారు సైకిలు తొక్కేవానిని కారు ఢీకొన్నది. వాది లక్ష డాలర్ల నష్టపరిహారం కోరుతున్నాడు. విద్యార్థులను జతలుగా చేసి, ఒకరిని వాదిగా, ఇంకొకరిని ప్రతివాదిగా నియమించారు. ఇద్దరికీ ఒకే సాక్ష్యపు కాగితాలు ఇచ్చారు. న్యాయమూర్తి ఎంత ఇప్పిస్తాడో ముందుగా ఊహించి వ్రాయమన్నారు; ఆ తరువాత ఇద్దరూ మాట్లాడుకొని రాజీకి రావలెనన్నారు. ఆలస్యమైన కొలదీ ఇద్దరికీ ఖర్చు పెరుగుతుంది.

ఒకే కాగితాలు చదివినప్పటికీ, వాదులు ఊహించిన మొత్తం ప్రతివాదులు ఊహించినదానికంటే చాలా హెచ్చుగా ఉన్నది. ఊహ సరిగా ఉంటే బహుమతి ఉన్నదని చెప్పినా ఈ తేడా పోలేదు. కనుక ఇది బేరం కోసం ఆడిన అబద్ధం కాదు; నిజమైన నమ్మకమే. ఇద్దరి ఊహల మధ్య దూరం ఎక్కువగా ఉన్న జతలలోనే రాజీ కుదరకపోవడం ఎక్కువగా జరిగింది.

ఆ తరువాత వారు మరొక మార్పు చేశారు. తాము వాదులో ప్రతివాదులో తెలియకముందే కొందరిచేత కాగితాలు చదివించారు. కొందరికి తమ పక్షమేదో తెలిసిన తరువాత చదవనిచ్చారు. పక్షం తెలిసి చదివిన జతలలో 28 శాతం రాజీకి రాలేకపోయాయి. పక్షం తెలియక చదివిన జతలలో 6 శాతం మాత్రమే విఫలమయ్యాయి. ఇది ఎంతో ఆలోచింపదగిన విషయం. పక్షపాతం ప్రవేశించేది వాదించే సమయంలో కాదు, చదివే సమయంలోనే. పక్షం తెలిసినవాని కన్ను తనకు పనికివచ్చే వాక్యం వద్ద ఆగుతుంది. పనికిరాని వాక్యాన్ని దాటిపోతుంది.

అనుమానం చేసే ఉపకారం

ఇంతవరకు చెప్పినది తమను గురించిన విశ్వాసాలు ఏ విధంగా వంగుతాయో. ఇతరులను గురించిన అనుమానం ఇంతకంటే ప్రమాదకరమైనది. డి టెల్లా, ఆయన సహచరులు 2015 లో ప్రకటించిన పరిశోధన ఒకటి దీనిని వివరిస్తున్నది. ఇందులో ఇద్దరిద్దరు జతగా ఉంటారు. ఉమ్మడి సంపాదనను పంచే అధికారం ఒకరిది. రెండవవానికి, జతకు నష్టం కలిగించి తాను రహస్యంగా లంచం పుచ్చుకొనే వీలున్నది. పంచేవారిలో కొందరికి ఎదుటివాని భాగం నుండి ఎక్కువ తీసుకొనే అవకాశమిచ్చారు, కొందరికి తక్కువ. ఎవరికి ఏ అవకాశం రావాలన్నది గుణాన్నిబట్టి కాక, చీటీ వేసినట్లుగా నిర్ణయమైనది. ఫలితమేమంటే, ఎక్కువ తీసుకొనగలిగినవారు, తక్కువ తీసుకొనగలిగినవారి కంటే, ఎదుటివాడు లంచగొండియని ఎక్కువగా నమ్మారు. ఎదుటివానిని గురించి వీరికి కొత్తగా తెలిసినదేమీ లేదు. మారినది తమకు లభించే లాభం మాత్రమే. ఎదుటివాడు దొంగ అయితే వాని సొమ్ము తీసుకోవడం దోషం కాదు కదా! అందుచేత వానిని దొంగగా నమ్మడం అవసరమైనది.

'లోకంలో అందరూ ఇంతే' అన్న మాటను ఈ వెలుగులో పరీక్షించవలసి ఉన్నది. 1977 లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లీ రాస్, ఆయన సహచరులు విద్యార్థులను, ఒక ప్రకటన బోర్డును ఒంటికి తగిలించుకొని కళాశాల ఆవరణలో తిరగగలరా అని అడిగారు. ఒప్పుకొన్నవారు ఎక్కువమంది ఒప్పుకొంటారని ఊహించారు. నిరాకరించినవారు ఎక్కువమంది నిరాకరిస్తారని ఊహించారు. పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనిపించినట్లు, ప్రతివాడూ లోకాన్ని తన కొలతతోనే కొలుస్తాడు. కనుక సహకరించదలచనివానికి సహకరించని లోకమే కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "లోకంలో నిజంగానే మోసగాళ్ళున్నారు గదా! అనుమానించడం తప్పా?" అని. తప్పు కాదు. జ్యూరిచ్ ఆటలో 30 శాతం మంది నిజంగానే ఏమీ ఇవ్వనివారు. గుడ్డినమ్మకంతో ఇస్తూ పోయేవాడు మోసపోతాడు. మేము చెప్పేది అనుమానం విడిచిపెట్టమని కాదు, అనుమానాన్ని కూడా సాక్ష్యం అడగమని. తనకు ఇష్టమైన మాటను వినినప్పుడు మనిషి "దీనిని నమ్మవచ్చునా?" అని ప్రశ్నించుకొంటాడనీ, ఇష్టం లేని మాటను వినినప్పుడు "దీనిని నమ్మక తప్పదా?" అని ప్రశ్నించుకొంటాడనీ గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వివరించాడు. మొదటి ప్రశ్నకు ఒక్క సాక్ష్యం చాలు. రెండవదానికి వేయి సాక్ష్యాలు చాలవు. రెండింటికీ ఒకే ప్రశ్న వేయగలిగితే సగం కలహాలు తీరిపోతాయి.

విరుగుడు ఉన్నదా?

ఈ జబ్బును గురించి తెలిసికొంటే చాలునా? చాలదని బాబ్‌కాక్, లోవెన్‌స్టైన్ల ప్రయోగాలే చెబుతున్నాయి. ఇటువంటి పక్షపాతం ఉంటుందని విద్యార్థులకు ముందుగానే బోధించి చూచారు. వారు పాఠాన్ని చక్కగా అర్థం చేసికొన్నారు. కాని ఆ దోషం ఎదుటివానికే ఉంటుందనుకొన్నారు, తమకు కాదు! ఈ వ్యాసం చదివేవారు కూడా ఇప్పటికే తమకు తెలిసిన ఇద్దరు ముగ్గురిని తలచుకొని ఉంటారు. తమను తలచుకొన్నవారు అరుదు.

ఫలించిన ఉపాయం వేరొకటి. తమ వాదంలోని బలహీనతలను తామే కాగితం మీద వరుసగా వ్రాయమన్నారు. సాధారణ పద్ధతిలో 35 శాతం జతలు రాజీకి రాలేకపోగా, ఈ విధంగా వ్రాసిన జతలలో 4 శాతం మాత్రమే విఫలమయ్యాయి. ఉపదేశం చేయలేని పనిని ఒక తెల్లకాగితం చేసింది.

రెండవ ఉపాయం, ఊహకు తావు లేకుండా లెక్కనూ కాపలానూ ఏర్పరచడం. దీనికి మన నేలమీదనే ఒక ఉదాహరణ ఉన్నది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు ప్రాంతపు గ్రామాలను పరిశీలించి 1988 లో ఒక గ్రంథం ప్రకటించాడు. కాలువ కింద సేద్యం చేసే కొన్ని గ్రామాలు ప్రభుత్వ ఆదేశం లేకుండానే తమంత తాముగా గ్రామ సంఘాన్నీ, గ్రామ నిధినీ ఏర్పరచుకొన్నాయి. నీటిని పొలాలకు పంచడానికి ఉమ్మడి నీరుగంట్లను, పైరును కాపాడడానికి కావలివాండ్రను నియమించుకొన్నాయి. కోతల తరువాత పొలాలలో గొర్రెల మంద మేపుకొనే హక్కును అమ్మడం వంటి మార్గాలతో నిధికి డబ్బు సమకూర్చుకొన్నాయి. ఇట్టి సంఘాలు నీరు సమృద్ధిగా అందే గ్రామాలలో కాక, కాలువ చివర ఉండి నీటికి కటకటపడే గ్రామాలలోనే ఎక్కువగా ఏర్పడ్డాయి. నష్టభయం ఉన్నచోటనే మనుష్యులు కలిశారన్నమాట.

నీరుగంటి చేసే పనిని మన విషయానికి అన్వయించి చూడండి. ప్రతి రైతూ తన మడికి తానే నీరు కట్టుకొంటే రాత్రంతా తూము వద్ద కావలి కాయాలి. పొరుగువాడు మళ్ళించుకొన్నాడేమోనన్న అనుమానంతో తానూ మళ్ళించుకొంటాడు. ఎవరి పొలం వాడూ కాని, అందరి జీతం పుచ్చుకొనే నీరుగంటి పంచినప్పుడు "వాడు దొంగిలించాడు, కనుక నేనూ" అన్న వాదానికి ఆధారం పోతుంది. అతడు నీటిని మాత్రమే కాదు, నమ్మకాన్ని కూడా మడిమడికీ పంచుతున్నాడు.

ఉమ్మడి ఆస్తి తప్పక నాశనమవుతుందని 1968 లో గారెట్ హార్డిన్ వాదించాడు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే విదుషీమణి ప్రపంచంలోని అడవులను, పచ్చికబయళ్ళను, కాలువలను పరిశీలించి, అది అనివార్యం కాదని 1990 లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించింది. ఆమెకు 2009 లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వినియోగించుకొనేవారే నియమాలు చేసికోవడం, వారికి జవాబుదారీగా ఉండేవారు పర్యవేక్షించడం, తప్పు చేసినవానికి మొదట చిన్న శిక్ష, మళ్ళీ చేస్తే పెద్ద శిక్ష వేయడం, తగవులు చవుకగా త్వరగా తీరే చోటు ఉండడం – చిరకాలం నిలిచిన సంస్థలలో ఈ లక్షణాలు ఆమెకు కనిపించాయి. ఫెర్, గెక్టర్ల ఆటలో కూడా ఇవ్వనివానిని శిక్షించే వీలు కల్పించగానే పడిపోయిన విరాళాలు తిరిగి పెరిగాయి. అయితే శిక్ష కూడా సర్వరోగ నివారిణి కాదు. 16 నగరాలలో ఇదే ఆటను ఆడించి 2008 లో ప్రకటించిన పరిశోధనలో, కొన్నిచోట్ల ఎక్కువ ఇచ్చినవారినే ఇతరులు శిక్షించినట్లు తేలింది. పరస్పర విశ్వాసం లేనిచోట కొరడా మంచివాని వీపు మీదనే పడవచ్చునన్నమాట.

మన కళాశాలకు అన్వయం

ఈ విషయాలు జ్యూరిచ్‌కో, కర్నూలు కాలువలకో పరిమితమైనవి కావు. ఏ చిన్న కళాశాలనైనా తీసికోండి. గ్రంథాలయంలో ఒక పాఠ్యగ్రంథపు ప్రతులు మూడే ఉంటాయి. చదువవలసినవారు అరవై మంది. పరీక్షల ముందు ఆ పుస్తకాన్ని గడువు దాటి ఉంచుకొన్నవాడు, "నేను తిరిగి ఇస్తే మరొకడు దాచుకొంటాడు" అని నమ్ముతాడు. పుట చింపుకొన్నవాడు, "ఎవరూ చదవని పుస్తకం" అని నమ్ముతాడు. నష్టపోయేది మాత్రం పుస్తకం కొనుక్కోలేని విద్యార్థి. అతనికి గ్రంథాలయం తప్ప దిక్కులేదు. ఈ విశ్వాసాల వెల చెల్లించేది అతడే.

అట్లే, రెండు భాషల విద్యార్థులు కలిసి చదివే కళాశాలలో తెలుగు విభాగంవారు ఉత్సవపు పని అంతా తామే చేశామని, ఉర్దూ విభాగంవారు తామే చేశామని అనుకోవడం అసహజం కాదు. ఇద్దరి లెక్కలూ కలిపితే నూటికి మించే ఉంటుంది. యాజమాన్యం విద్యార్థులకు బాధ్యత తెలియదని నమ్మవచ్చు. విద్యార్థులు యాజమాన్యానికి తమ కష్టం తెలియదని నమ్మవచ్చు. రెండు నమ్మకాలలోనూ కొంత నిజముండవచ్చు. కాని ఏ నమ్మకం వల్ల తనకు పని తప్పుతున్నదో, ఆ నమ్మకాన్నే ముందుగా పరీక్షించడం వివేకుల లక్షణం.

దీనికి గొప్ప సంస్కరణలు అవసరం లేదు. ఎవరు ఏ పని చేశారో వ్రాసిన పట్టిక ఒకటి గోడ మీద ఉంటే, ఎవరి జ్ఞాపకాన్ని వారు ఆశ్రయించవలసిన పని ఉండదు. పుస్తకం ఎవరివద్ద ఎన్నాళ్ళుగా ఉన్నదో అందరికీ తెలిసేటట్లుంటే, "అందరూ దాచుకొంటారు" అన్న మాట నిజమో కాదో తేలిపోతుంది. రుసుముల లెక్కలు, ఖర్చుల లెక్కలు అందరి ముందూ పరిస్తే అనుమానానికి మేత దొరకదు. ఖర్చు పంచుకొనే సూత్రాన్ని ఎవరి వంతు ఎంత వస్తుందో తెలియకముందే నిర్ణయించుకొంటే, న్యాయం ఎవరి సంచివైపూ మొగ్గదు. ఏ సమావేశంలోనైనా కలహం వచ్చినప్పుడు, వాదానికి దిగే ముందు ఇరుపక్షాలవారూ తమ వాదంలోని లోపాలను నాలుగు పంక్తులలో వ్రాసి చదవాలన్న నియమం పెట్టుకొంటే, ఆ నాలుగు పంక్తులు నాలుగు గంటల ఉపన్యాసాల కంటే మేలు చేస్తాయి.

పాలచెరువులో తాను పోసిన కడవలో ఏమున్నదో పోసినవానికి తప్ప ఎవరికీ తెలియదు. చీకటి అందుకు సహాయపడింది. నియమాలు, లెక్కలు, కావలి – ఇవన్నీ ఆ చీకటిలో పెట్టే దీపాలు. అయితే దీపం వెలిగించడానికి కూడా ఎవరో ఒకరు ముందు నూనె పోయవలసి ఉంటుంది. షరతుతో సహకరించే సగం మందీ ఎదురుచూచేది ఆ మొదటివాని కోసమే. "ఇతరులు చేస్తే నేనూ చేస్తాను" అని అందరూ కూర్చున్న సభలో, ముందుగా లేచినవాడు తన వంతు పని మాత్రమే చేసినవాడు కాడు. పక్కవారి నమ్మకాన్ని కూడా మార్చినవాడు. అట్టివారు మన విద్యార్థులలో, అధ్యాపకులలో, యాజమాన్యంలో పలువురు ఉండాలని ఆకాంక్షిస్తున్నాము.